ఒంటిమిట్టలో తప్పింది మస్తాన్ చెవి కాదు

1954 జనవరిలో నన్ను కర్నూలుకు వేశారు. ప్రభుత్వ ప్రచార శాఖలో రెండో తరగతి రేడియో మెకానిక్ ఉద్యోగం. రాజధాని కొత్తది, కచేరీలు చాలామటుకు డేరాల్లోనే నడిచేవి. మా వర్క్‌షాపూ ఒక డేరానే. ప్రచార వ్యానులోని ఆంప్లిఫయర్లు, మైకులు, హారన్లు బాగుచేయడం నా పని. బయటివాళ్ల సామాను ముట్టుకోకూడదని శాఖలో నియమం. ముట్టుకుంటే కొలువు పోయేది.

మస్తాన్ ఒక నాటక సమాజంలో గిటారు వాయించేవాడు. అంతకుముందు పెళ్లి బ్యాండులో ఉండేవాడు. నందలూరు రైల్వే కాలనీలో ఎవరో అమ్మితే పాత ఎలక్ట్రిక్ గిటారు కొన్నాడు. ఆ గిటారులో తీగల కింద పికప్ అనే చిన్న పెట్టె ఉంటుంది. అందులో అయస్కాంతపు మొలలు, వాటి చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగితీగ చుట్ట. పైన ఉక్కుతీగ అదిరితే చుట్టలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. దాన్ని ఆంప్లిఫయరు పెంచి వినిపిస్తుంది. మస్తాన్ పికప్‌కు ఆ సత్తువ చాలదు. హార్మోనియం ఎత్తుకుంటే గిటారు ఉన్నట్టే తెలిసేది కాదు.

నాటక సమాజాల్లో పెత్తనం హార్మోనిస్టుది. ఆ సమాజపు హార్మోనిస్టు నారాయణప్ప గారు, శ్రీరామనవమికి ఒంటిమిట్టలో ఆడే నాటకాల్లోనైనా గిటారు వినపడకపోతే మళ్లీ బ్యాండుకే పొమ్మని మస్తాన్‌కు చెప్పేశారు.

"సారూ, ఆ బ్యాండు జరీ కోటు మళ్లా తొడగలేను. ఎట్లన్నా చేసి దీన్ని గట్టిగా పలికించు," అని మస్తాన్ నా దగ్గరికి వచ్చాడు.

ఎవరికీ చెప్పకుండా ఒప్పుకున్నాను. చుట్ట మీద మరిన్ని చుట్లు చుట్టాను. చుట్లు పెరిగితే శబ్దం పెరుగుతుంది. అదీ చాలదనిపించి, మరలు తిప్పి అయస్కాంతాలను తీగలకు తగిలీ తగలనంత పైకి లేపాను. తీగలను ఊరికే మీటి, మీటరు ముల్లు చూశాను. ముల్లు చివరిదాకా పోయింది. అంతటితో పని అయిందనుకున్నాను.

ఒంటిమిట్టకు మా వ్యానునే పంపారు. నాటకానికి మైకులు మావి, ముందు వరుసలో కూర్చున్నది మా సూపర్వైజరు. ప్రొద్దు గుంకే వేళ ప్రార్థన పాట మొదలైంది. గిటారు ఖంగున పలికింది. కానీ మస్తాన్ వేళ్లు పై మెట్ల మీదికి పోయేసరికి ఒకే తీగ రెండు శ్రుతులు పలికినట్టు వినబడింది. నారాయణప్ప గారు హార్మోనియం బెల్లోస్ ఆపేశారు.

"ఏమప్పా మస్తానూ, చెవులు యాడ పెట్టొచ్చినావు? కర్నూల్లోనేనా?"

"వినపడాలంటివి గదన్నా. వినపడతాండాది," అన్నాడు మస్తాన్ బిక్కమొహంతో.

"శానా బాగా వినపడతాండాది, తప్పు గూడా," అని జనంలోంచి ఎవరో అన్నారు. పందిరంతా నవ్వింది.

మస్తాన్ నా వైపు చూశాడు. నేను ఆంప్లిఫయరు వైపు చూశాను. తప్పు నా పనిలోనే ఉందని నాకు అప్పటికే అనుమానం వచ్చింది. సూపర్వైజరు ఎదురుగా ఉన్నాడని, వాల్యూం సవరిస్తున్నట్టు దాని మీదికి వంగాను. మస్తాన్‌ను గిటారు పక్కన పెట్టి కూర్చోమన్నారు.

మర్నాడు పొద్దున సత్రం వసారాలో పికప్ విప్పాను. అనుమానం నిజమే. మరీ దగ్గరికి వచ్చిన అయస్కాంతం తీగను తన వైపు లాగి, దాని అదురును చెడగొడుతోంది. పై మెట్లలో నొక్కితే తీగ అయస్కాంతానికి ఇంకా దగ్గరవుతుంది గనుక అక్కడ ఎక్కువ తెలుస్తుంది. మరలు కిందికి తిప్పాను. ఎక్కువ చుట్టిన తీగలో చాలాభాగం తీసేశాను, ఎందుకంటే చుట్లు మితిమీరితే శబ్దం పెరిగినా మొద్దుబారుతుంది. ఈసారి మీటరు పెట్టలేదు. మస్తాన్‌ను వాయించమని, వింటూ తిప్పాను. శబ్దం నిన్నటికంటే తక్కువే. అయినా తేటగా ఉండి, హార్మోనియం మీదుగా దూసుకొచ్చింది.

తప్పు నాదని మస్తాన్‌కు చెప్పాను. నారాయణప్ప గారికీ చెప్తానన్నాను.

"చెప్తే మీ దొరకు తెలుస్తాది. నీ నౌకరీ పోతే నాకేమొస్తాది సారూ? ఊరుకో," అన్నాడతను.

ఊరుకున్నాను. మస్తాన్ పోయి మరొక్కసారి వినమంటే, నారాయణప్ప గారు కాఫీ తాగి కూర్చుని, హార్మోనియం మీద ఒక్కొక్క స్వరమే ఇచ్చి అతని చేత పై మెట్ల దాకా పలికించుకున్నారు. "ఇదేందప్పా, ఈపొద్దు శ్రుతి గుండుసూదిలెక్క ఉండాది," అని సాయంత్రం నాటకానికి కూర్చోబెట్టారు. ఆ తర్వాత ఎప్పుడూ తీసేయలేదు. కాకపోతే, రాముడే మస్తాన్ చెవి మెలేసి శ్రుతి సరిచేసినాడని ఊరూరా చెప్పుకున్నారు. జనానికి ఆ కథ నచ్చింది.

యాభై ఏళ్లు దాటగానే ఉద్యోగం నుంచి స్వచ్ఛందంగా విరమించుకున్నాను. మొన్న కర్నూల్లో ఒక సభలో మస్తాన్‌ను పరిచయం చేస్తూ ఒకాయన ఆ కథే చెప్పాడు. అందరూ ప్రేమగానే నవ్వారు. మస్తాన్ తల వంచుకుని తీగలు సవరించుకుంటూ ఉన్నాడు. అప్పుడే తెలిసింది, అతనికది ఇన్నేళ్లూ గుచ్చుకుంటూనే ఉందని. అందుకే ఇది రాస్తున్నాను. అతని చెవి ఆనాడూ సరిగ్గానే ఉంది.

పికప్‌ను సవరించినవాడు ముల్లు చూసి తృప్తిపడకూడదు, వాయించేవాడి చేత పై మెట్ల దాకా వాయింపించి వినాలి. అది నేను మర్నాడే నేర్చుకున్నాను. తన పనిలోని తప్పుకు వేరొకరు మాటపడుతుంటే అక్కడే, ఆ నలుగురిలోనే చెప్పాలని నేర్చుకోవడానికి మాత్రం ఉద్యోగం మొత్తం పట్టింది.