ఓడ రేవుకు వచ్చిన రోజు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, చదువు పూర్తయ్యాక రేవు పట్టణం టౌరంగాలో కివీ పండ్లు ప్యాక్ చేసే షెడ్డులో చేరాను. ఒకసారి తుఫాను వల్ల పండ్లు తీసుకెళ్లాల్సిన ఓడ రేవులోకి రాలేక సముద్రంలోనే ఆగిపోయింది. కోల్డ్ స్టోరేజీ నిండిపోయి షెడ్డు మూసేశారు, తోటల్లో కోతలూ ఆపేశారు. పనీ జీతమూ ఆగిపోయిన దిగులుతో నాకు తిండి సయించలేదు.

"ఓడ రాకపోతే ఊరంతా ఖాళీగా కూర్చోవాల్సిందే," అన్నారు మా ఇంటి ఓనరు. ఆ పెద్దాయనకూ చిన్న కివీ తోట ఉంది.

ఐదో రోజు పొద్దున్నే ఆయన నన్ను రేవుకు తీసుకెళ్లారు. ఓడ వచ్చేసింది. క్రేన్లు పండ్ల పెట్టెల్ని ఎక్కిస్తున్నాయి. ఆయన టోపీ తీసి చాలాసేపు చూశారు.

అంతలో సూపర్‌వైజరు ఫోన్ చేసి, "పదింటికి రాగలవా?" అని అడిగాడు.

"తప్పకుండా వస్తాను," అన్నాను.

అన్ని రోజుల తర్వాత అప్పుడే నాకు గట్టిగా ఆకలేసింది. దారిలో బేకరీ దగ్గర ఆగి ఇద్దరం కడుపునిండా తిన్నాం.