పాత డిస్కు మీద రెండు గుర్తులు

సైన్స్ పార్క్‌లో రోజుకో సాఫ్ట్‌వేర్ ఆఫీసు తెరుస్తున్నారు. వాటికి కంప్యూటర్లూ, యూపీఎస్ బ్యాటరీలూ మోసి మోసి మా పికప్ బండి బ్రేకులు అరిగిపోయాయి. ఇంకా మంచిరకం డిస్కులు, ప్యాడ్లు వేయిద్దామన్నారు నా పార్ట్‌నర్ అప్పారావు అంకుల్. ఆయన మలేసియాలో పుట్టిన తెలుగాయన. ఆంగ్ మో కియో పేటలో మెకానిక్‌ని కూడా ఆయనే కుదిర్చారు. ఇద్దరూ ఫోన్లో నాకు రాని మలయ్‌లో మాట్లాడుకుని నవ్వుకుంటుంటే నాకెక్కడో తేడా కొట్టింది. పాతవే తోమి మళ్ళీ బిగిస్తే నాకేం తెలుస్తుంది? అందుకని నిన్న పాత డిస్కుల అంచు మీద మా ఆవిడ గులాబీ గోళ్ళరంగుతో చుక్క పెట్టాను.

ఈ రోజు బండీ, కొత్త డిస్కులకి డబ్బూ నేనే తీసుకెళ్ళాను. సాయంత్రం పాత డిస్కులు ఇమ్మంటే మెకానిక్ మారుమాట్లాడకుండా ఇచ్చేశాడు. చుక్క ఉంది. హమ్మయ్య అనుకున్నాను.

తిరిగొచ్చాక అంకుల్ కొత్త బ్రేకుల వంక చూడనేలేదు. పాత డిస్కు ఒకటి తీసి, వెనక్కి తిప్పి, బొటనవేలితో తుడిచారు. అక్కడ పసుపుపచ్చ పెయింటు గీత.

"ఇది మీరు పెట్టిందా అంకుల్? మెకానిక్ మీద అనుమానమా?" అన్నాను.

"అతని మీద నాకేం అనుమానం పా? చిన్నప్పటి స్నేహితుడు" అన్నారాయన.

తర్వాత డిస్కు ఇటు తిప్పి, నా గులాబీ చుక్కని కాసేపు చూశారు. దాన్నీ బొటనవేలితో ఓసారి తుడిచారు.

రేపు పొద్దున జురాంగ్ వెస్ట్ దాకా ఇద్దరం అదే బండిలో పక్కపక్కన కూర్చుని వెళ్ళాలి. మీరైతే ఏం మాట్లాడతారో చెప్పండి.