ఒంటి కమ్మ

నా చిన్నప్పుడు అయిదారు నెలలపాటు మా వీధి పిల్లలంతా నన్ను ‘ఒంటి కమ్మ’ అని పిలిచారు. నాకూ ఒక పేరుందని గుర్తు చేసీ చేసీ విసుగొచ్చి, చివరికి ఆ పిలుపుకే పలకడం మొదలుపెట్టాను. ఇప్పుడు నాకు అరవై దగ్గరపడ్డాయి. కడప జిల్లా నుంచి మస్కట్ వచ్చి ఒకే ఇంట్లో పద్నాలుగేళ్లుగా వంట చేస్తున్నాను. ఆ పేరుతో ఏడిపించిన పిల్లల్లో సగం మంది ముఖాలు కూడా గుర్తు లేవు. పేరు మాత్రం పోయిన నెల మళ్లీ గుర్తొచ్చింది, అదీ మంచు మీద జారే పలకల పుణ్యమా అని.

మస్కట్ ఎక్కడ, మంచు ఎక్కడ అంటారేమో. నేనూ అదే అన్నాను. ఈ ఇంటి అమ్మాయి ఎనిమిదేళ్లప్పుడు నా చేతికొచ్చింది. ఇప్పుడు ఏదో చలిదేశంలో చదువుకుంటోంది. ఈసారి సెలవులకు వస్తూ మనిషి పొడుగున్న రెండు స్కీ పలకలు, వాటికి బిగించే ఇనుప సామాను, రాయంత బరువున్న బూట్లు మోసుకొచ్చింది. అక్కడి దుకాణంలో బిగించాలంటే వారాలు ఆగాలట. తనే ఇంట్లో బిగించుకుని, ఇక్కడి నుంచి నేరుగా స్నేహితులతో మంచుకొండకు పోతుందట. అది మామూలు జారుడు కూడా కాదు. కొండ మీదికి తీసుకుపోయే యంత్రాలేవీ ఉండవు, ఆ పలకల మీదే నడిచి ఎక్కి, వాటి మీదే జారి దిగాలి. ఎక్కేటప్పుడు మడమ పైకి లేవాలి, దిగేటప్పుడు బిగుసుకోవాలి, పడితే మాత్రం కాలు విరక్కుండా బూటు ఊడి రావాలి. ఇదంతా చేసేది ఆ ఇనుప సామానే, దాన్ని బైండింగ్ అంటారని చెప్పింది. నాకు వింటుంటేనే మోకాళ్లు నొప్పి పెట్టాయి.

ఆ అమ్మాయి నన్ను ‘ఖాలా’ అంటుంది. వాళ్ల అరబ్బీలో పిన్ని అన్నట్టు. మేమిద్దరం మాట్లాడుకునేది హిందీ, అరబ్బీ, నా తెలుగు కలిసిన కలగూరగంప. ఇంకెవరికీ అర్థం కాదు, మాకు మాత్రం ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

ఆ వారం నా మనసు మనసులో లేదు. నా వీసా ఇంకో రెండేళ్లకు పొడిగించాలా వద్దా చెప్పమని ఆ అమ్మాయి వాళ్లమ్మ, మా మేడం, కాగితం ఇచ్చి వారమైంది. దాన్ని ఉప్పు డబ్బా కింద పెట్టి, రోజుకు పదిసార్లు ఉప్పు తీస్తూ కాగితాన్ని చూడనట్టు నటిస్తున్నాను. నేను మొదట వచ్చింది రెండేళ్లకే. ఆ రెండేళ్లలో అనుకున్నది ఒక్కటీ కాలేదు. ఊరికే తిరిగిపోతే ఆ రెండేళ్లు దండగవుతాయని ఇంకో రెండేళ్లు ఉన్నాను. ఆ నాలుగూ దండగ కాకూడదని మరో రెండు. అలా ఏడు రెండేళ్లయ్యాయి. ఊళ్లో ఇంటికి గోడలు లేచాయి గాని పైకప్పు ఇంకా పడలేదు. ఒంట్లో ఓపిక అడుగంటింది. పొద్దున లేస్తే మంచం దిగడానికే ఒక నిర్ణయం తీసుకోవాల్సి వస్తోంది.

పలకలకు రంధ్రాలు వేయడానికి డ్రిల్లు ముక్క కావాలంటే ఇద్దరం ఘాలా బజారులో ఇనుప సామాన్ల దుకాణానికి పోయాం. దుకాణంలో ఉన్నాయన జగిత్యాల వైపు మనిషి. నా మాట వినగానే లేచి కుర్చీ వేశాడు. డ్రిల్లు ముక్కకు కొసనుంచి కొంచెం వదిలి ఎర్ర టేపు చుట్టి, “గీ టేపు దాటి లోపలికి పోనియ్యకున్రి అక్కా, పలక అడుగుకెల్లి బయటికస్తది” అని చెప్పి పంపాడు.

మర్నాడు మధ్యాహ్నం వెనక వరండాలో రెండు స్టూళ్ల మీద పాత దుప్పటి పరిచి ఆ అమ్మాయి పని మొదలుపెట్టింది. పలక కదలకుండా పట్టుకోవడం నా డ్యూటీ. బూటు నడిమి గీత పలక మీది గీతకు సరిగ్గా రావాలని తనే చెప్పింది. పలక మీద చూస్తే రెండు గీతలున్నాయి, ఒకటి వెనక, ఒకటి రెండు వేళ్లు ముందుకు. ఏది అని అడగాలనుకున్నాను. అడగలేదు. చదువుకున్న పిల్ల, మనకెందుకులే అనుకున్నాను. అలసిపోయిన మనిషికి నోరు తెరవడం కూడా ఒక పనే.

రంధ్రాలు పడ్డాయి, జిగురు పోసింది, మరలు బిగించింది. బూటు పెట్టి, వెనక్కి జరిగి, ఫోనులో బొమ్మ పక్కన పెట్టి చూసుకుంది. ముఖం పాలిపోయింది. తను బిగించింది ముందు గీతకు, అది గంతులేసే ఆటగాళ్ల కోసమట. తనకు కావలసింది వెనక గీత. ఇలా ముందుకు నిలబడి దిగితే మెత్తటి మంచులో పలక ముక్కు దిగబడి మనిషి బోర్లా పడుతుందట. తను పోయే కొండ మీద పడితే లేపడానికి మనుషులుండరు. పాత రంధ్రాలు పూడ్చి మళ్లీ వేయొచ్చు, కానీ జిగురు ఆరడానికి ఒక రోజంతా పడుతుంది. విమానం రేపు సాయంత్రమే.

కాసేపు తల పట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి రెండో పలక స్టూళ్ల మీద పెట్టింది.

“దీన్ని కూడా ముందు గీతకే వేసేద్దాం ఖాలా. రెండూ ఒకేలా ఉంటే మాఫీ ముష్కిల్, ఇబ్బందేం లేదు, అలవాటైపోతుంది” అంది.

ఆ మాట వినగానే నాకు మస్కట్ లేదు, వరండా లేదు. కళ్ల ముందు ఒక తమలపాకు కనబడింది.

నాకు పసితనంలో జబ్బు చేయడంతో చెవులు కుట్టించడం వాయిదా పడుతూ వచ్చింది. తొమ్మిదేళ్లు నిండినా చెవులు బోసిగానే ఉండేవి. మా మేనమామ పెళ్లి నిశ్చయమైంది. బోసి చెవులతో పెళ్లికి ఎలా పోతానని నేను రోజూ ఏడ్చేదాన్ని. మా పక్కింటి అక్కకు నా మీద జాలి. ఒకనాడు మా అమ్మ పొలం పోయినప్పుడు నన్ను పిలిచి కూర్చోబెట్టి, నిమ్మముల్లు తీసుకుని ఎడమ చెవి కుట్టేసింది. చుక్క పెట్టలేదు, దూరం నుంచి చూడలేదు. నేను కెవ్వుమని లేచి పరుగెత్తాను కాబట్టి రెండో చెవి మిగిలింది. చూస్తే ముల్లు తమ్మె అంచు దగ్గర, ఇంకాస్త కిందికైతే ఊడిపడేలా దిగి ఉంది.

మా అమ్మ వచ్చి అక్కను నాలుగు తిట్టి, నన్ను లాక్కుని ఆచారి తాత దగ్గరికి పోయింది. ఆయన మాకు చుట్టం కాదు, ఊళ్లో బంగారు పని చేసే పెద్దాయన. పిల్లలందరికీ తాతే. అమ్మ అడిగింది ఒకటే, రెండో చెవి కూడా ఆ అంచుకే కుట్టమని. రెండూ సమానంగా ఉంటే పెళ్లిలో ఎవరికీ తెలియదని. పక్కింటి అక్క కూడా వెనకే వచ్చి గడప దగ్గర కళ్లనీళ్లతో నిలబడి ఉంది.

తాత నా చెవి పట్టుకుని చూశాడు. తన తాంబూలం పెట్టెలోంచి ఒక తమలపాకు తీశాడు. దాని అంచు దగ్గర సూదితో చిన్న రంధ్రం చేసి, బరువైన కమ్మ ఒకటి తగిలించి, ఆకును నా చేతికిచ్చి ఊపమన్నాడు. నేను రెండుసార్లు ఊపానో లేదో, ఆకు చీలి కమ్మ ఒళ్లో పడింది. ఇంకో ఆకు తీసి ఈసారి కొంచెం లోపలికి పొడిచి తగిలించాడు. ఎంత ఊపినా పడలేదు. నేను అది ఆటనుకుని నవ్వాను. అమ్మ నవ్వలేదు.

“ఒక చెవి చెడిపోయిందని, జోడు కుదరాలని, బాగుండే చెవిని గూడా చెడగొట్టమంటావా మ్మా?” అన్నాడు తాత. “ఇది నా చేత్తో నేను చెయ్యను.”

ఎడమ చెవిలో ముల్లు తీసేసి పసుపు పెట్టాడు. అది పూడిపోవాలి, చర్మం గట్టిపడాలి, నెలలు పడుతుంది, అప్పుడు మళ్లీ పైన కుట్టాలి అన్నాడు. కుడి చెవికి కాటుకతో చుక్క పెట్టి, నన్ను లేచి నాలుగడుగులు నడవమన్నాడు, తల తిప్పమన్నాడు. అద్దం నా చేతికిచ్చి నీకు నచ్చిందా అని అడిగాడు. అప్పటిదాకా నన్ను ఏదైనా అడిగి చేసిన పెద్దవాళ్లు లేరు. నేను తలూపాకే కుట్టాడు. పోతూ పోతూ ఆ కాటుక పుల్ల పక్కింటి అక్క చేతిలో పెట్టి, ఈసారి ముందు చుక్క పెట్టుకో తల్లీ అన్నాడు. ఆమెను అంతకు మించి ఒక్క మాట అనలేదు.

పెళ్లికి ఒక్క చెవితో ఎలా పోవాలని నేను అక్కడే చతికిలబడి ఏడ్చాను. తాత నా గడ్డం పట్టుకుని, “ఒంటి కమ్మతోనే పో. ఎవురన్నా నవ్వితే ఆచారి తాత ఇట్లనే పొమ్మన్నాడని నా పేరు చెప్పు” అన్నాడు. అలాగే పోయాను. నవ్వారు. పేరు పెట్టారు. పెళ్లిలో అడిగిన ప్రతివాళ్లకూ తాత పేరు చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. చలికాలం వెళ్లాక ఆయనే పిలిచి, ఎడమ చెవిని సరైన చోట కుట్టాడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నా చెవులకు ఏమీ కాలేదు.

వరండాలో నేను రెండో పలక మీద చెయ్యి పెట్టి గట్టిగా పట్టుకున్నాను.

“వద్దు పాపా. అది చెడిపోయిండాది. దీన్ని చెడగొట్టద్దు” అన్నాను, నా తెలుగులోనే.

ఆ అమ్మాయికి కోపం వచ్చింది. స్నేహితులు తను లేకుండానే మొదటి కొండ ఎక్కేస్తారని, అందరికంటే వెనకబడి, ఆలస్యంగా వచ్చినదాన్ని అనిపించుకోవాలని, నీకు మంచు గురించి ఏం తెలుసని అరిచింది. నిజమే, నాకేం తెలియదు. ఫ్రిజ్ లోపల గీకి తీసే మంచు తప్ప నేను వేరే మంచు చూడలేదు. నేను ఎడమ చెవి కమ్మ తీసి, చెవి చూపించాను. రంధ్రం కింద చిన్న మచ్చ ఉంది. ఆ మచ్చను ఆ అమ్మాయి ఎరుగును. చిన్నప్పుడు నిద్రపోయే ముందు నా పక్కన పడుకుని దాన్ని వేలితో తడుముతూ ఇదేంటని అడిగేది. దోమ కుట్టిందని చెప్పి నిద్రపుచ్చేదాన్ని. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను, తమలపాకుతో సహా.

అంతా విని చేతిలో డ్రిల్లు కింద పెట్టింది. లోపలికి పోయి, ఫోను చేసి, టికెట్టు రెండు రోజులు వాయిదా వేయించుకుని వచ్చింది. ఆ సాయంత్రమే చెడిపోయిన పలక మరలు తీసి, రంధ్రాల్లో ప్లాస్టిక్ మేకులు దిగగొట్టి జిగురు పోసింది. అది ఆరేలోపు రెండో పలకను వెనక గీతకు బిగించింది. ఒక్కో రంధ్రానికి ముందు చుక్క పెట్టి, నన్ను పిలిచి, “చూడు ఖాలా, నచ్చిందా?” అని అడిగాకే డ్రిల్లు పట్టింది. నాకేం తెలుసని అడుగుతావే పిల్లా అనుకున్నాను గాని, ప్రతిసారీ వంగి చూశాను. నడుము పడిపోయింది. జిగురు ఆరాక మొదటి పలకనూ అలాగే వెనక గీతకు బిగించింది. మూడో రోజు రెండు పలకలూ, ఒకదాని మీద పూడ్చిన మచ్చలతో, ఆ అమ్మాయితో పాటు విమానం ఎక్కాయి.

ఆమె పోయాక వంటింట్లోకి వచ్చి ఉప్పు డబ్బా పక్కకు జరిపాను. కాగితాన్ని ఈసారి సరిగా చూశాను. పరాయి పిల్లకు ఎంత తేలిగ్గా చెప్పాను. పద్నాలుగేళ్లుగా నేను చేస్తున్నదేమిటి? మొదటి రెండేళ్లకు జోడు కుదరాలని ఇంకో రెండేళ్లు, దానికి జోడుగా మరో రెండు. మేడం దగ్గరికి పోయి ఈసారి వద్దు మేడం, ఇంటికి పోతాను అని చెప్పాను. ఆమె కారణం అడిగింది. అలసిపోయాను అన్నాను. అది అబద్ధం కాదు.

ఇప్పుడు పెట్టె సర్దుకుంటున్నాను. ఇన్నేళ్లుండి తెచ్చింది ఇదేనా, పైకప్పు కూడా పడలేదే అని ఊళ్లో అడుగుతారు. కొందరు నవ్వుతారు కూడా. భయంగానే ఉంది. ఆచారి తాత పోయి ముప్పై ఏళ్లు దాటింది, అయినా ఆయన మాట నాకు చెల్లుతుందనే అనుకుంటున్నాను. ఎవరన్నా నవ్వితే, ఆయన పేరే చెబుతాను.