కనురెప్ప కింద ఎరుపు

మా అత్తయ్య సువార్తమ్మకి నలభై రెండు గొర్రెలు, ఒక కొడుకు, ఒక కోడలు. ఈ వరస నేను పెట్టింది కాదు, ఆవిడ ప్రేమే అలా ఉండేది. గొర్రె ఒక్క పూట మేత ముట్టకపోతే ఆవిడకి అన్నం దిగదు. నేను రెండు పూటలు తినకపోతే మాత్రం "నాటకాలు" అనేది.

అవనిగడ్డ దాటాక కాలవ పక్కన మా పల్లె. మావయ్య పోయాక అరవై దాటిన మనిషి ఒక్కతే మందని నిలబెట్టుకొచ్చింది. చద్దన్నం మూట కట్టుకుని పొద్దున్నే గట్టెక్కిందంటే మళ్ళీ చీకటి పడే వేళకే ఇల్లు. కోతలయ్యాక ఎరువు కోసం "సువార్తమ్మా, మా చేలో మంద పెట్టవా" అని రైతులే వచ్చి అడుగుతారు. ఎంత పెద్ద రైతయినా సరే, ఆవిడకి "ఏం బావా" నే. ఇక ఆదివారం గుడిలో పాట ఎత్తుకుంటే పాస్టరుగారు మైకు కట్టేసుకోవాల్సిందే.

నేను, వినీల, ఆ ఇంటికి వచ్చి రెండేళ్ళు కావస్తోంది. వచ్చిన ఆర్నెల్లకే నా ఒళ్ళు కూలబడటం మొదలైంది. రెండు బిందెల నీళ్ళు మోస్తే గుండె దడ. దొడ్డి ఊడుస్తూ ఊడుస్తూ గోడకి ఆనుకుని నిలబడిపోయేదాన్ని. ఖర్మ ఏంటంటే, సరిగ్గా అప్పుడే అత్తయ్య వచ్చేది!

"అదిగో, మహారాణిగారు మళ్ళీ గోడకి చేరారు!"

ఇంట్లో అంటే పోనీలే అనుకుందును. "మా కోడలు బంగారమే గానీ ఒళ్ళంతా బద్ధకం" అని పల్లెంతా చెప్పుకొచ్చింది. ఎంత ఒళ్ళు మండిపోయేదో! ఒక్కసారి కడిగి పారేద్దామని నోరు తెరిస్తే రెండో మాటకే ఆయాసం. పోట్లాటక్కూడా ఓపిక ఉండాలండీ.

చివరికి మా ఆయన బెంజమిన్‌తో తేల్చి చెప్పేశాను. "బందర్లో ఇల్లు చూడండి. లేకపోతే నేనొక్కదాన్నే మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను. గుడివాడ ప్రదర్శన అయిన మర్నాడు నాకు మాట కావాలి."

పాపం, ఆయన ఆటో నడుపుకునే మనిషి. అటు తల్లి, ఇటు నేను. ముఖం వేలాడేసుకుని "సరే" అన్నాడు.

ఆ ఫిబ్రవరిలో గుడివాడలో వ్యవసాయ ప్రదర్శన పెట్టారు. గొర్రెల వాళ్ళకి వేరే టెంటు వేసి, గిట్టలు కత్తిరించడం, మందు పట్టడం, రోగం కనిపెట్టడం, అన్నీ చేతల్లోనే చూపిస్తారని కబురొచ్చింది.

"నాకెవరే గొర్రెల గురించి నేర్పేది!" అంటూనే అందరికంటే ముందు తయారై ఆటోలో కూర్చుంది అత్తయ్య. నేను ఎక్కడం తోటే నిద్రపోయాను. కూచిపూడి దాటాక మెలకువొస్తే పక్కనుంచి వినపడుతోంది, "చూశావురా, కూర్చున్నా నిద్రే."

టెంట్లో హాసిని అని ఓ కుర్ర డాక్టరమ్మ. ఒక గొర్రెని మోకాళ్ళ మధ్య పట్టుకుని, దాని కింది రెప్ప బొటనవేలితో దించి చూపించింది.

"లోపల ఎర్రగా ఉంటే మంచిదే. పాలిపోయి ఉంటే కడుపులో నట్టలు, అదే పురుగులు, రక్తం తాగేస్తున్నట్టు. పైకి బాగానే ఉంటుంది. కానీ నాలుగడుగులు వేసి ఆగిపోతుంది, మందలో వెనకపడుతుంది. మనం దానికి బద్ధకం అనుకుంటాం."

నాకు నిద్ర ఎగిరిపోయింది. అత్తయ్య వైపు చూశాను. ఆవిడ గొర్రెనే చూస్తోంది.

రంగులు పోల్చుకోవడానికి ఐదు గళ్ళ కార్డు ఇచ్చారు. మొదటి గడి ముదురెరుపు, ఐదోది దాదాపు తెలుపు. వచ్చినవాళ్ళంతా చూసి "ఎరుపే, ఎరుపే" అన్నారు.

"ఆగండాగండి!" అని లేచింది అత్తయ్య. "ఈ ఎర్ర గుడ్డ టెంటు కింద సున్నం కూడా ఎర్రగానే కనపడుద్ది. దాన్ని ఎండలోకి తీసుకురా డాక్టరమ్మా!"

లాక్కొచ్చి చూస్తే నాలుగో గడి! జనం గొల్లున నవ్వారు. డాక్టరమ్మ నవ్వేసి, "మామ్మగారూ, ఇక మీరే చెప్పండి పాఠం" అని కార్డు ఆవిడ చేతిలో పెట్టేసింది.

ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. గొర్రెలయ్యాయి, మనుషుల మీద పడింది. కొడుకు రెప్ప దించి, "వీడికి రక్తం దండిగా ఉంది, లోటు బుర్రకే" అంది. డాక్టరమ్మని కూడా వదల్లేదు. అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. "నువ్వూ రావే" అని నన్ను ఎండలోకి లాగింది.

రెప్ప దించింది.

రెండో కన్నూ చూసింది. మళ్ళీ మొదటిది. పెళ్ళయ్యాక ఆవిడ నోరు అంతసేపు మూతపడటం నేను చూడలేదు. కార్డు నా చెంప పక్కన పెట్టి, చిన్న గొంతుతో, "డాక్టరమ్మా, ఇది ఐదో గడి కదూ?" అంది.

డాక్టరమ్మ నవ్వు ఆపేసి దగ్గరికొచ్చింది. "ఈ కార్డు మనుషులకి కాదు మామ్మగారూ. కానీ రెప్ప బాగా తెల్లగా ఉంది. ఇవాళే రక్తపరీక్ష చేయించండి."

"పోనీ ఆ నట్టల మందే ఓ గుక్క..."

"అయ్యో, వద్దు! మనుషుల డాక్టరు దగ్గరికి!"

అత్తయ్య అక్కడే మట్టిలో కూలబడింది. "నా మందలో గొర్రెయ్యుంటే ఏడాది కిందటే చూసేదాన్ని గదే నిన్ను" అని గట్టిగా ఏడ్చేసింది. నాకు కోపం రావాలి కదా? రాలేదు. నేనూ ఏడ్చాను. నాది బద్ధకం కాదని నాకైనా అప్పుడే కదా తెలిసింది! అంతలోనే ఆవిడ లేచి చుట్టూ ఉన్న మగాళ్ళ మీద విరుచుకుపడింది. "గుడ్లప్పగించి చూస్తారేంటి? ఇళ్ళకెళ్ళి మీ ఆడాళ్ళ రెప్పలు చూడండి!"

పన్నెండుండాల్సిన రక్తం పరీక్షలో ఆరున్నర అని వచ్చింది. డాక్టరుగారు మాత్రలు రాశారు. ఇక మొదలైంది నా మీద మేపుడు! తోటకూర, బెల్లం వేసిన వేరుశనగ ఉండలు, ఆదివారం ఆదివారం కార్జం వేపుడు. వారానికోసారి నన్ను ఎండలో నిలబెట్టి రెప్ప దించడం. పక్కింటివాళ్ళు గోడెక్కి నవ్వేవాళ్ళు.

మూడు నెలల్లో బిందెలు మోస్తూ పాటలు పాడేదాన్ని. ఆవిడ ఒకటంటే నేను నాలుగు అనేదాన్ని, ఆయాసం లేకుండా! తిట్టించుకుని మరీ ఆవిడ పొంగిపోయేది. "ఆ, రక్తం పడుతోంది, పడుతోంది" అనేది.

మొన్న పొద్దున రెప్ప దించి చూస్తూ చూస్తూ అంది, "బందర్లో ఇల్లు చూశాడంటగా మీ ఆయన."

తల దించుకుందామంటే కన్ను ఆవిడ చేతిలో ఉంది.

"మీకెప్పుడు తెలిసింది అత్తయ్యా?"

"ప్రదర్శనకి ముందే. వాడి ముఖం చూస్తే నాకు తెలీదా? వెళ్ళాలనుంటే వెళ్ళవే, నేనేమనుకోను. మంగళవారం మంగళవారం బస్సెక్కి నేనే వస్తా. ఎండ ఉండే ఇల్లు చూసుకోండి, చాలు."

"ఎవరెళ్తున్నారు! నేనెక్కడికీ వెళ్ళట్లేదు" అని ఆవిడ మెడ వాటేసుకుని భోరుమన్నాను.

"ఛ, కదలకే! నీళ్ళొస్తే రంగు తెలీదు" అని కసిరింది మా అత్తయ్య.