ఆడుకోవడం రాని మేస్త్రి

చర్చిల్లోనూ పేటల్లోనూ జనంచేత ఆటలాడించడం ఎలాగో ఆమె కాలేజీలో చదివింది. "ఆడుకోవడానికి కూడా చదువేంటే?" అని అన్నయ్య పడీపడీ నవ్వాడు. చదువయ్యాక చర్చి హాల్లో ముసలివాళ్లను ఆడించే ఉద్యోగం దొరికింది.

అక్కడ ఒక తాపీమేస్త్రి రోజూ గోడకు ఆనుకుని ఊరికే కూర్చునేవాడు. "రండి తాతయ్యా, క్యారమ్స్ ఆడదాం" అని బతిమాలి బోర్డు దగ్గర కూర్చోబెట్టింది. మొదటి దెబ్బకే కాయ పడింది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయన మాత్రం ఉలిక్కిపడి వెనక్కి చూశాడు.

"చిన్నప్పుడు పని దగ్గర ఆడుకుంటూ దొరికితే వాతలు తేలేలా కొట్టేవాళ్లమ్మా. ఆ భయం ఇంకా పోలేదు" అంటూ లేచి, చీపురు అందుకుని హాలు ఊడవసాగాడు.

చీపురు లాక్కోబోయి ఆమె ఆగిపోయింది. తన చదువు ఈ మనిషికి ఒక జీవితకాలం ఆలస్యంగా వచ్చిందనిపించింది. ఆయన్ని మళ్లీ ఆటకు పిలవలేదు. చనిపోయేదాకా ఆ హాలు ఆయనే ఊడ్చాడు.