మా వదిన కామెంటరీ

షుగర్ ముదిరి మా అన్నకు చూపు పోయేనాటికి అతనికి ఇంకా యాభై దాటలేదు. అంతవరకూ జువ్వలదిన్నెలో బోటు డ్రైవరుగా చేశాడు. చూపు పోయాక హార్బర్ వైపు వెళ్ళడమే కాదు, సముద్రం మాట ఎత్తడం కూడా మానేశాడు. చర్చికి వెళ్ళేవాడు గానీ అందరితో కలిసి పాడేవాడు కాదు.

నేను కావలిలో కాలేజీలో పని చేస్తాను. ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి వాళ్ళింటికి వెళ్తుండేదాన్ని. వెళ్ళేసరికి ఏదో ఒక క్రికెట్ మ్యాచ్ వస్తూ ఉండేది. అన్నకు మిగిలిన ఇష్టం అదొక్కటే.

టీవీలో తెలుగు కామెంటరీ చెప్పేవాళ్ళు ముగ్గురు నలుగురు ఒక జట్టుగా కూర్చుంటారు. మైకు ఎవరు అందుకున్నారో అన్న మొదటి మాటకే పోల్చుకునేవాడు. నిదానంగా మాట్లాడే పాత ఆటగాడంటే గౌరవం. హాస్యమాడే కుర్రాయనంటే ముద్దు. కానీ వాళ్ళు మాట్లాడేది ఆట కళ్ళతో చూస్తున్నవాళ్ళతో. "అబ్బ, ఏం కొట్టాడండీ" అంటారు. ఎటు కొట్టాడో బొమ్మలో కనిపిస్తూనే ఉంది కాబట్టి చెప్పరు.

"రేడియోలో అయితే బంతేసేవాడు ఏ పక్క నించి వస్తుండాడో గూడా చెప్పేవోళ్ళు" అన్నాడు ఒకరోజు. "వీళ్ళు బిర్యానీ గురించి మాట్లాడుకుంటా ఉండారు. ఈ లోపల రెండు బంతులు అయిపోయినట్టుండాయి."

"నేను చెప్తాలే అన్నా" అన్నాను. చెప్పలేకపోయాను. ఆట బిగిసే కొద్దీ చూడడంలో పడి మాట మర్చిపోయేదాన్ని. "ఏమైంది పాపా?" అని అతను అడిగేసరికి అంతా అయిపోయి ఉండేది.

పక్కనే కూర్చుని రొయ్యలు ఒలుస్తున్న వదిన ఒకసారి మా మధ్యలో మాట అందుకుంది. ఆమెకు క్రికెట్ ఏమీ తెలియదు. ఎవరు గెలిచినా ఆమెకు ఒకటే.

"పొడుగాయన పరిగెత్తుకుంటా వచ్చి ఏసినాడు. ఈయన ఒక మోకాలు కింద పెట్టి ఊడ్చినట్టు కొట్టినాడు. బంతి నేల మీదనే పోతా ఉండాది. ఒకాయన పడి ఆపినాడు. ప్యాంటంతా మట్టి."

అన్న తల తిప్పాడు. "ఏ పక్క?"

"నువ్వు కూర్చున్నావే, ఆ పక్క."

అప్పటినుంచి ఆ పని వదినదే అయింది. టీవీలో వాళ్ళు మాట్లాడుతూనే ఉండేవారు, వాళ్ళు విడిచిపెట్టిన సందుల్లో ఈమె నిమ్మళంగా చెప్పుకుపోయేది.

ఒక ఆదివారం మన జట్టు ఆడుతున్న మ్యాచ్ చివరి ఓవరు దాకా వచ్చింది. మనవాళ్ళు ఫీల్డింగ్‌లో ఉన్నారు. రెండో పరుగుకు వెళ్ళిన ఆటగాడు పూర్తిగా చేరాడో లేదో తేలలేదు. కామెంటరీ వాళ్ళందరూ ఒకేసారి అరుస్తున్నారు, ఒక్క ముక్క అర్థం కావడం లేదు. నేను ఎప్పటిలాగే తెరకు కళ్ళప్పగించేశాను.

"ఏందిమే, చెప్పు" అన్నాడు అన్న.

"మళ్ళీ నిదానంగా చూపిస్తా ఉండారు. బ్యాటు చాపి దూకినాడు. వికెట్లకు బంతి తగిలింది. పైన పుల్లలు లేచి దీపాలు వెలిగినాయి."

"అప్పటికి బ్యాటు ఎక్కడుండాది?"

"గీత మీద."

"దాటిందా, మీదనే ఉండాదా? సరిగ్గా చూడు."

వదిన రొయ్యల గిన్నె పక్కన పెట్టి టీవీ దగ్గరికి వెళ్ళి వంగింది. "మీదనే. దాటలా."

"అయితే ఔటు" అన్నాడు అన్న.

కామెంటరీ వాళ్ళ మధ్య ఇంకా వాదన నడుస్తోంది. పాత ఆటగాడు నాటౌట్ అనుకుంటున్నానన్నాడు. కాసేపటికి తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి, ఔటే. నేను చదివి చెప్పేలోపే టీవీలో కేకలు విని అన్న నవ్వాడు. చూపు పోయాక అతను అట్లా నవ్వడం నేను వినలేదు. వదిన మాత్రం, "ఇంతకీ మనోళ్ళు గెలిచినట్టా?" అని నన్నడిగింది.

ఆ ఏడాది వానలు తగ్గాక ఒక సాయంత్రం అన్న తనంతట తనే హార్బర్‌కు పోదామన్నాడు. ముగ్గురం వెళ్ళి గట్టు మీద కూర్చున్నాం. బోట్లు లోపలికి వస్తున్నాయి. వదిన ఎవరూ అడగకముందే మొదలుపెట్టింది.

"నీలం బోటు ఒకటి వస్తా ఉండాది. ముందర ఇద్దరు నిలబడుండారు. బాగా లోతుకు దిగి ఉండాది."

"సరుకుతో వస్తా ఉండారు" అన్నాడు అన్న. "దాని వెనక?"

వదిన లేచి నిలబడి సముద్రం మీదికి దూరంగా చూసింది.