ఎఫెసస్‌లో సీట్లు పట్టిన అరుణమ్మ

అరుణమ్మ సింగపూర్ పడమటి చివరి బూన్ లేలో మా కింది అంతస్తులో ఒంటరిగా ఉంటుంది. డెబ్బై ఎప్పుడో దాటింది. ఎన్నేళ్ళని అడిగితే "దాటినాక లెక్కెందుకన్నయ్యా" అంటుంది. టెక్కలి దగ్గర పల్లె నుంచి కొత్త పెళ్ళికూతురిగా సింగపూర్ వచ్చింది. భర్త రామారావు ఓడల యార్డులో వెల్డింగు చేసేవాడు. ఆయన పోయాక ఒక బడి క్యాంటీన్‌లో నూడుల్స్ అమ్మి కూతురు తన్మయిని చదివించింది. పొడి నూడుల్స్ మీద ఎవరికీ తెలియకుండా చిటికెడు కందిపొడి చల్లేదట. చీనా పిల్లలు కూడా ఆమె కొట్టు ముందే బారులు తీరేవారట. ఈ మాట ఆమె చెబితే విన్నదే. నా కథలు వింటూ ఆమె ఒక్కసారి కూడా సాక్ష్యం అడగలేదు కనుక నేనూ అడగలేదు.

తన్మయి ఇప్పుడు ఫార్మసిస్టు. బెడోక్‌లో కాపురం. ద్వీపానికి ఈ చివర తల్లి, ఆ చివర కూతురు. మధ్యలో రైలు.

ఆ రైలు దగ్గరే గొడవ మొదలైంది. ఈ మధ్య అరుణమ్మ రెండుసార్లు తప్పు స్టేషన్‌లో దిగింది. మరోసారి పొయ్యి మీద పాలు పెట్టి, పైకి మా ఇంటికొచ్చి కబుర్లలో పడి, గిన్నె మాడ్చేసింది. ఆ రోజు నేను చెబుతున్న కథ అంత బాగుందని నా నమ్మకం. తన్మయి నమ్మలేదు.

"అంకుల్, అమ్మకి మతిమరుపు మొదలైందేమో" అంది నాతో విడిగా. "మనవాళ్ళంతా వెళ్ళే టర్కీ ట్రిప్పులో వారం రోజులు పక్కనే ఉండి చూస్తాను. బాగానే ఉంటే నేనింక నోరెత్తను. తేడా కనిపిస్తే మాత్రం ఆ ఫ్లాటు అమ్మించి బెడోక్ తీసుకుపోతాను."

ఈ సంగతి అరుణమ్మకు ఎవరూ చెప్పలేదు. ఆమెకు తెలియనిదీ లేదు. విమానంలో నా పక్క సీట్లో కూర్చుని, భోజనంలో ఇచ్చిన బ్రెడ్డు సంచిలో దాచుకుంటూ, "ఇది యాత్ర కాదన్నయ్యా, పరీక్ష" అంది. "నా కూతురే టీచరు. నన్ను ఫెయిల్ చేసీడానికి డబ్బెట్టి మరీ తీసుకెల్తంది. నా ఇల్లు నాను ఇడిసిపెట్టను, సూడు."

సింగపూర్ తెలుగువాళ్ళం ఓ డజను మందిమి కలిసి వెళ్ళిన యాత్ర అది. పెద్దవాళ్ళం ఎక్కువ, పిల్లలు తక్కువ. తన్మయి కూతురు రుచిత ఒక్కతే స్కూలు పిల్ల.

ఎఫెసస్ చూడాలని నాకు చిన్నప్పటి నుంచీ కోరిక. విశాఖపట్నం కాన్వెంటులో సిస్టర్ మాచేత బైబిల్లో ఈ ఊరివాళ్ళకు, అంటే ఎఫెసీయులకు, రాసిన పత్రిక బట్టీ పట్టించేది. ఊరంతటికీ కలిపి అంత పొడుగు ఉత్తరం రాసి బుద్ధి చెప్పారంటే వాళ్ళు ఎంత అల్లరివాళ్ళో అని అప్పట్లోనే వాళ్ళ మీద నాకు అభిమానం పుట్టింది. ముందు గ్రీకులు, తరువాత రోమన్లు ఏలిన ఊరు. పై గేటు దగ్గర బస్సు దింపేస్తుంది. పాలరాతి వీధుల వెంట కొండవాలున దిగుతూ చూసుకుంటూ పోతే, కింది గేటు దగ్గర అదే బస్సు ఎక్కించుకుంటుంది.

దిగుతున్నంతసేపూ అరుణమ్మ నాలుగు వైపులా చూస్తూనే ఉంది. స్తంభాలు, సగం గోడలు, తలలు లేని విగ్రహాలు, వాటి మీద ఎండకు పడుకున్న పిల్లులు.

"ఇంత పాతబడిపోయింది, ఇంకా ఎందుకు పడగొట్టలేదు?" అని గైడును అడిగింది. మా ద్వీపంలో ముప్పై నలభై ఏళ్ళ ఫ్లాట్ల బ్లాకును కూడా ముసలిదని పడగొట్టేస్తారు.

నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. గైడు కుర్రాడు కాసేపు తికమకపడి, "ఇది ఎప్పుడో పడిపోయింది మేడమ్" అన్నాడు.

"మరి తీసీలేదేం?"

అతను టోపీ సర్దుకుని తరువాతి స్తంభాల వైపు దారి తీశాడు.

నా వంతుగా నేను రుచితకు ఆ ఊరి చరిత్ర చెబుతున్నాను. మోటుపల్లి రేవు నుంచి ఒక తెలుగు వర్తకుడు ఇక్కడికొచ్చి ఆవకాయ జాడీ దించాడనీ, రోమన్ గవర్నరు ఒక ముక్క తిని కేక పెడితే ఆ విగ్రహాల తలలన్నీ రాలిపోయాయనీ.

"చిల్లీ సౌత్ అమెరికాది తాతా" అంది రుచిత. "అప్పటికి ఇండియాకే రాలేదు. యూ అనీహౌ సే లా, నోటికొచ్చిందల్లా చెప్తావ్."

"అందుకే కేక పెట్టాడు మరి. అలవాటు లేని కారం" అన్నాను.

అరుణమ్మ నవ్వలేదు. వీధికి ఒక పక్కన వరసగా ఉన్న రాతి గదుల ముందు ఆగిపోయింది. అవి ఒకప్పటి అంగళ్ళని గైడు చెప్పాడు. ఆమె మూడో గది గడప మీద చెయ్యి పెట్టింది.

"ఇది లిమ్ కొట్టు కదన్నయ్యా. పంచదార అరువిచ్చీవోడు. ఆ మూల నీళ్ళ కుళాయి. ఎనకాల మా రేకులిల్లు."

అరుణమ్మ కాపురానికొచ్చిన కొత్తలో ఉన్నది ఒక కంపోంగ్‌లో. అంటే చెట్ల మధ్య చెక్క గోడలు, రేకు కప్పుల ఇళ్ళున్న పాత మలయా పల్లె. ఊరంతటికీ ఒకే కుళాయి. ప్రభుత్వం ఆ పల్లెను ఖాళీ చేయించి అందరికీ బూన్ లేలో ఫ్లాట్లిచ్చారు. అది ఉన్నచోట ఇప్పుడు పెద్ద రోడ్డు ఉంది. ఒక్క ఇటుక కూడా మిగల్లేదు.

నా ఆవకాయ కథకు పోటీగా ఆమె కూడా ఒకటి వదిలిందనుకుని పకపకా నవ్వాను. "లిమ్ గారు ఉన్నారా, భోజనానికి వెళ్ళారా?" అన్నాను.

"తలుపేసుంది కదా" అంది అరుణమ్మ. అక్కడ తలుపు లేదు.

తన్మయి మొహం చూశాక నా నవ్వు ఆగిపోయింది. అబద్ధాన్ని నేను ఆమడ దూరం నుంచే పసిగడతాను, అది నా వృత్తి. కాని ఆ మాట హాస్యమో, జ్ఞాపకమో, తికమకో నాకు అంతు చిక్కలేదు. అంతలోనే అరుణమ్మ ముందుకు నడిచి, రోమన్లు వరసగా కూర్చునే రాతి మరుగుదొడ్లు చూసి, "ఒలమ్మా, మజ్జిలో అడ్డుగోడల్లేవేటి? పక్కోడితో ఏటి మాటాడుకునీవోరో!" అని గట్టిగా నవ్వేసింది. ఆ నవ్వులో ఏ తేడా లేదు.

తరువాత రోమన్ల నాటి లైబ్రరీ దగ్గరికి చేరాం. రెండంతస్తుల ఎత్తున ముందు గోడ మాత్రమే మిగిలిన కట్టడం. ఇక్కడ ఫొటోలు తీసుకోండి, తీరిగ్గా ఆరుబయలు నాటకశాల అయిన పెద్ద థియేటర్‌కు వెళ్ళి అందరం కలిసి ఒక ఫొటో దిగుదాం, ఆ తరువాత బస్సు, అని గైడు చెప్పాడు. అందరూ ఫోన్లు పైకెత్తారు. దించేసరికి అరుణమ్మ లేదు.

"అమ్మ ఫోనెక్కడ?" అన్నాను.

"నా బ్యాగులోనే ఉంది. పారేస్తుందని నేనే తీసుకున్నాను" అంది తన్మయి. "అంకుల్, ఆ షాపు దగ్గరికే వెళ్ళుంటుంది. లిమ్ కొట్టు అంది కదా. నేను పైకెళ్తాను, మీరిద్దరూ ఇక్కడే చూడండి." చెప్పులు చేతబట్టుకుని కొండెక్కే వీధిలో పరుగెత్తింది.

రుచితా నేనూ ఆ చుట్టుపక్కలంతా వెతికి, చివరికి వీధి వెంట కిందికి దిగాం. దారిలో ఎవర్ని అడిగినా పిల్లుల్ని చూపించారు. థియేటర్ అడుగుకు చేరాక తలెత్తి చూస్తే, కొండనంతా తొలిచినట్టు మెట్లు మెట్లుగా రాతి సీట్లు. ఒక ఊరు ఊరంతా వచ్చి కూర్చున్నా ఇంకా మిగిలేలా ఉన్నాయి. దాదాపు అన్నీ ఖాళీ.

అయినా కింది వరస పక్కన చీనా దంపతులిద్దరు నిలబడి ఉన్నారు. ఆయన కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నాడు. ఆమె టోపీతో విసురుకుంటోంది.

"కూర్చోవచ్చు కదా అంకుల్?" అన్నాను ఇంగ్లీషులో.

"కెనాట్ లా. సమ్‌బడీ చోప్ ఆల్రెడీ" అన్నాడాయన, ఆ వరసను చూపిస్తూ.

ఆ యాస వినగానే ఊరివాళ్ళు కనిపించినట్టయింది. ఆయన చూపించిన రాతి వరస మీద, సీటుకొకటి చొప్పున, పొందికగా టిష్యూ పొట్లాలు పెట్టి ఉన్నాయి. మన దగ్గర బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టినట్టు, సింగపూర్‌లో హాకర్ సెంటర్ అనే తిండి కొట్ల చావడిలో బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి పోతారు. దాన్నే చోప్ అంటారు. ఆ పొట్లాన్ని జరిపి కూర్చునే సింగపూరువాడు ఇంకా పుట్టలేదు. రెండు వేల ఏళ్ళ నాటి రాయి అయినా సరే. అవతల వేల సీట్లు ఖాళీగా ఉన్నా, నీడ ఉన్నది ఈ వరసకే కనుక ఆ దంపతులు దాని యజమానుల కోసం గౌరవంగా ఎదురు చూస్తున్నారు.

"అమ్మమ్మే!" అని అరిచింది రుచిత.

"మరి మనిషేదీ?"

రుచిత నన్ను జాలిగా చూసింది. "తాతా, చోప్ చేశాక పీపుల్ ఏం చేస్తారు? గో అండ్ క్యూ లా."

నిజమే. బల్ల పట్టుకున్నాక ఎవరైనా క్యూకే వెళతారు. కాబట్టి ఈ శిథిల నగరంలో అన్నిటికన్నా పొడుగైన క్యూ ఎక్కడుందో కనుక్కోవాలి. అది కింది గేటు పక్కన దొరికింది. నలభై మంది వెనుక, సంచి భుజాన వేసుకుని, ముందున్న జర్మన్ ఆవిడ భుజం మీదుగా తొంగిచూస్తూ నిలబడి ఉంది అరుణమ్మ.

"ఏం కొంటున్నావమ్మా?" అన్నాను.

"ఏటో తెలీదన్నయ్యా. ఇంతమంది నించున్నారంటే మంచిదే అయుంటాది" అంది. తరువాత మా ఇద్దర్నీ చూసి మండిపడింది. "ఇద్దరూ వచ్చీసినారా? సీట్ల కాడెవురున్నారు?"

క్యూ దానిమ్మ రసానికి. వంతు వచ్చాక కొని, మాకు రెండేసి గ్లాసులు పట్టుకోమని ఇచ్చింది. దాహంగా ఉండటంతో నేను ముందు ఒకటి తాగేశాను. అప్పుడు అడిగాను, "పొట్లాలు మనవాళ్ళ కన్నా ఒకటి ఎక్కువున్నాయి. అదెవరికి?"

"గైడు బాబుకి. ఆడికి మాత్రం కాళ్ళు నొప్పెట్టవా?"

"గైడుని కలుపుకునే లెక్కపెట్టాను."

"అయితే నీకు లెక్క రాదు" అంది అరుణమ్మ.

కాన్వెంటులో నాకు లెక్కల్లో ఎన్నడూ మంచి మార్కులు రాలేదు కనుక వాదించలేదు. కాని దారంతా వేళ్ళు మడుస్తూనే ఉన్నాను. ఒకసారి సరిపోయింది, మరోసారి మిగిలింది.

అందరం థియేటర్ దగ్గర చేరినా తన్మయి మాత్రం రాలేదు. ఫోన్ చేస్తే మోగుతోంది కాని తీయలేదు. ఎండ నెత్తికెక్కింది. గైడు కుర్రాడు చేతులు నలుపుకుంటూ పై గేటుకు ఫోన్ చేశాడు. అప్పుడు తెలిసింది: వీధులు కలగాపులగమై తన్మయి ఎవరూ వెళ్ళని తవ్వకాల వైపు వెళ్ళిపోయింది. తాళ్ళు కట్టిన చోట లోపలికి దూరి "అమ్మా, అమ్మా" అని అరుస్తుంటే కాపలావాళ్ళు పట్టుకున్నారు. వాళ్ళకు తెలుగు రాదు. ఈమెకు ఆ కంగారులో ఇంగ్లీషు కూడా రాలేదు.

ఇద్దరు కాపలావాళ్ళ మధ్య, కాళ్ళు బొబ్బలెక్కి, జుట్టు రేగి, ఏడుస్తూ వచ్చింది తన్మయి. అరుణమ్మ లేచి ఎదురెళ్ళి, కొంగుతో మొహం తుడిచి, దానిమ్మ గ్లాసు నోటి దగ్గర పెట్టింది.

"తాగు. తల్లి కోసం ఎతుక్కుంటా తప్పిపోయినావా? సిన్నప్పుడు కూడా ఇంతే, బజార్లో ఎప్పుడు సెయ్యి ఇడిసినా ఏడుపే."

తన్మయి తాగింది. కాపలావాళ్ళు గైడుతో ఏదో గట్టిగా మాట్లాడి వెళ్ళిపోయారు. ఫొటోలో అందరం నవ్వుతున్నాం, తన్మయి తప్ప.

బస్సెక్కాక తల్లి ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. తన్మయి నా పక్కకొచ్చింది.

"మీరు పక్కనే ఉన్నారు కదా అంకుల్. నిజం చెప్పండి. అమ్మ బాగానే ఉందా?"

"ఇందాక కాపలావాళ్ళు పట్టుకొచ్చింది ఎవర్నమ్మా?"

"అది వేరు. నేను దారి తప్పాను. లిమ్ కొట్టు ముందు అమ్మ తప్పింది దారి కాదు."

నా దగ్గర అన్నిటికీ ఒక కథ ఉంటుంది. లిమ్ కొట్టు గురించి అందమైన అబద్ధం ఒకటి నాలుక చివరి దాకా వచ్చింది కూడా. చెబితే తన్మయి నమ్మేది. అరుణమ్మ బూన్ లేలోనే ఉండిపోయేది. నిజం చెప్పాలంటే నిజమేమిటో నాకు తెలియాలి కదా. "నాకు తెలియడం లేదమ్మా" అన్నాను. నా నోట అంత చిన్న సమాధానం విని తన్మయి ఇంకా భయపడింది.

ముందు సీటు లోంచి గొంతు వినిపించింది. "గుసగుసలెందుకు? నాకు చెవుడేటి?"

అరుణమ్మ వెనక్కి తిరగకుండానే జాకెట్లోంచి చిన్న పర్సు తీసి, అందులోంచి ఇంటి తాళం చెవి ఒకటి సీటు మీదుగా వెనక్కి పట్టింది. భర్త పోయిన నాటి నుంచి రెండో తాళం చెవిని ఎవ్వరికీ ఇవ్వలేదామె, కూతురికి కూడా.

"తీసుకో. ఇల్లు అమ్మను. బెడోక్ రాను. నువ్వొచ్చి సూసుకో. పొయ్యి సూసుకో, పాలు సూసుకో. అయితే బెల్లు కొట్టి లోనికి రా."

తన్మయి తాళం చెవి అందుకుంది. ఇది గెలుపో ఓటమో, గెలిచినవాళ్ళు ఎవరో, వాళ్ళిద్దరి మొహాలూ చూసినా నాకు తెలియలేదు. తన్మయి లేచి వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది. "రోజూ వస్తాను" అంది. "ఆదివారం రావద్దు, ఆరోజు నాకు పనుంటాది" అంది తల్లి.

బస్సు ఆలివ్ తోటల మధ్య నుంచి పోతోంది. కొంతసేపటికి అరుణమ్మ కిటికీ లోంచి చూపు తిప్పింది.

"ఇప్పుడెక్కడికెల్తన్నాం?" అంది.

తన్మయి ఠక్కున తిరిగి నన్ను చూసింది. నేను రుచితను చూశాను. బస్సులో ఎవరైనా అడిగే మాటే అది. మరి మాలో ఎవరమూ ఎందుకు జవాబు చెప్పలేకపోయామో తెలియదు. హోటల్‌కా, మరో శిథిలాల దగ్గరికా, తివాచీల కొట్టుకా? ఆ సాయంత్రం ఏం చూపిస్తారో నిజంగా మాలో ఎవరికీ గుర్తు లేదు.

నేను లేచి, ఊగుతున్న బస్సులో సీట్లు పట్టుకుంటూ ముందుకెళ్ళి గైడును అడిగాను.